రాత్రి లేని ఊళ్ళో రెండు రోజులు

రూతు కారు ఇంటి ముందు ఆగేసరికి ఏడూ నలభై అయింది. మార్చి సగం గడిచిపోయినా షికాగో పక్కనున్న నేపర్‌విల్‌ని మంచు ఇంకా వదల్లేదు. రోడ్డు పక్కన పోగులు పడిన మంచు నల్లబడి, కరగనా వద్దా అన్నట్టు ఉంది. తెల్ల బూట్లకి అంటిన బురద గుమ్మంలో దులుపుకుని ఆమె లోపలికి వచ్చింది. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు దాకా ఆస్పత్రిలో నిలబడ్డ కాళ్ళు ఇంటికి వచ్చాక గానీ నొప్పి పెట్టవు.

వంటింట్లో ఏసుపాదం టీ కాచి, కప్పు మీద సాసర్ మూతపెట్టి ఉంచాడు.

"ఎలా ఉంది ఇవాళ?"

"మామూలే. ఇద్దరు కొత్త పేషెంట్లు. మీరు తిన్నారా?"

"తిన్నాను. రాత్రి అన్నానికి పోపు వేశాను, స్టవ్ మీద ఉంది."

అంతే. పదేళ్ళుగా ఆ ఇంట్లో భార్యాభర్తల మాటలు ఇలాగే ఉంటాయి. పొద్దున్న ఆమె వచ్చాక ఇరవై నిమిషాలు, రాత్రి ఆమె బయల్దేరే ముందు అరగంట. ఎనిమిది కాగానే ఏసుపాదం పక్క ఊరు అరోరాలో పైపు ఫిట్టింగుల వేర్‌హౌస్‌కి వెళ్ళిపోతాడు. రూతు ఇల్లు సర్దుకుని, వంట చేసి, మధ్యాహ్నం రెండింటికి కిటికీకి ముదురు దుప్పటి కట్టుకుని పడుకుంటుంది. అతను సాయంత్రం వచ్చేసరికి ఆ గది తలుపు మూసి ఉంటుంది. తొమ్మిదిన్నరకి గానీ తెరుచుకోదు.

పదహారేళ్ళ ప్రేమజ్యోతి స్కూలు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చింది. వస్తూనే ఒక కాగితం టేబుల్ మీద పడేసింది.

"డాడీ, దీని మీద సైన్ చెయ్యి. మిసెస్ డోలన్ ఇచ్చింది. సోషల్ స్టడీస్ ప్రాజెక్ట్. ఇట్స్ సో బోరింగ్."

"ఏంటమ్మా అది?"

"యూరప్‌లో ఒక స్మాల్ క్యాపిటల్ సిటీకి వీకెండ్ విజిట్ ప్లాన్ చెయ్యాలి. ఎలా వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి... మ్యాప్ కూడా గియ్యాలి. ఆరు వారాలు టైమ్."

కోటు వేసుకుంటున్న ఏసుపాదం ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట ఉండగా ఆగిపోయాడు.

"చిన్నదంటే ఎంత చిన్నది?"

"నాకేం తెలుసు? స్మాల్ అంటే స్మాల్."

"బెర్న్ ఉంది. లక్సెంబర్గ్ ఉంది. వలెట్టా... అదైతే మరీ చిన్నది." అతని కళ్ళు గోడ మీద ఎక్కడో లేని పటాన్ని వెతుకుతున్నట్టు కదిలాయి. "ఐస్‌లాండు రాజధాని రేక్‌జావిక్ ఉంది."

"రేక్యావిక్, డాడీ. జే అనకూడదు."

"మేము పదమూడేళ్ళు రేక్‌జావిక్ అనే చెప్పాం. పిల్లలందరూ పాసయ్యారు," అన్నాడు ఏసుపాదం.

జ్యోతి పకపకా నవ్వింది. రూతు టీ కప్పు పట్టుకుని ఆ ఇద్దరినీ చూసింది. నరసాపురంలో మిషన్ హైస్కూల్లో ఏసుపాదం పదమూడేళ్ళు జాగ్రఫీ మాస్టారు. రూతుకి నర్సు ఉద్యోగం దొరికి పంతొమ్మిది వందల డెబ్భైలో అమెరికా వచ్చాక, రెండేళ్ళకి నాలుగేళ్ళ పిల్లని ఎత్తుకుని అతనూ వచ్చాడు. ఇక్కడ అతని చదువుని ఎవరూ చదువు అనుకోలేదు. ఆ తరవాత ఆ ఇంట్లో రాజధానుల పేర్లు వినపడడం ఇదే మొదలు.

ఆ శనివారం తండ్రీ కూతుళ్ళు పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళారు. జ్యోతి బెర్న్ చేద్దామంది, ఎందుకంటే అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి. ఏసుపాదం ఎన్‌సైక్లోపీడియాలు నాలుగు ముందేసుకుని, ఒక పేజీ దగ్గర ఆగి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది చేద్దాం," అన్నాడు చివరికి, రేక్యావిక్ బొమ్మ మీద వేలు పెట్టి.

"అక్కడేం ఉంది? ఐస్."

"ఐస్ కాదు. చూడు, భూమిలోంచి వేడినీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు గొట్టాల్లో ప్రతి ఇంటికీ వెళ్తాయి. ఇళ్ళ పైకప్పులకి ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులేసుకుంటారు. ఊరి మధ్యలో చెరువు, చెరువులో బాతులు. కొండ మీద చర్చి కడుతున్నారు, నలభై ఏళ్ళ నుంచీ కడుతూనే ఉన్నారట." అతను గొంతు తగ్గించాడు. "జూన్ నెలలో అక్కడ చీకటి పడదమ్మా. పన్నెండింటికి సూర్యుడు అలా సముద్రం అంచున కూర్చుని మళ్ళీ లేస్తాడు."

జ్యోతి తండ్రి మొహం వంక చూసింది. నాన్న ఇంతసేపు మాట్లాడగలడని ఆమెకి తెలియదు.

ఆ వారం నుంచి సాయంత్రాలు మారిపోయాయి. ఏసుపాదం ఐదున్నరకి రాగానే చేతులు కడుక్కుని వంటింటి టేబుల్ దగ్గర కూర్చునేవాడు. ఐస్‌లాండు టూరిస్ట్ ఆఫీసుకి జ్యోతి ఉత్తరం రాస్తే, వాళ్ళు లావుపాటి కవరు నిండా రంగురంగుల కాగితాలు, ఊరి మ్యాపు ఒకటి పంపించారు. ఆ మ్యాపుని చార్టు మీద పెద్దదిగా గీయడం మొదలుపెట్టారు. ఏ వీధిలోంచి నడిస్తే సముద్రం కనిపిస్తుందో, ఏ బేకరీ ఆదివారం తెరుస్తారో వెతికేవారు. పక్క గదిలో రూతు నిద్రపోతోంది కాబట్టి అంతా గుసగుసలే.

"శనివారం పొద్దున్న దిగుతాం. ముందు ఎక్కడికి వెళ్దాం?"

"వేడినీళ్ళ పూల్‌కి, డాడీ. ఓపెన్ ఎయిర్‌లో."

"నాకు ఈత రాదు."

"రాకపోతే కూర్చో. వేడినీళ్ళే కదా."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

మూసిన తలుపు వెనక రూతుకి మెలకువ వచ్చేది. మాటలు వినపడేవి కాదు, నవ్వు మాత్రం వినపడేది. ఆమె లేచి, చీర సర్దుకుని, తలుపు తెరవగానే ఆ నవ్వు ఆగిపోయేది. జ్యోతి కాగితాలు దగ్గరికి లాక్కునేది, ఏసుపాదం లేచి కూర వెచ్చబెట్టేవాడు.

"ఏంటంత నవ్వుతున్నారు?" అని ఒకరోజు అడిగింది.

"ఏం లేదు. స్కూలు పని," అన్నాడు ఏసుపాదం. అతని పెదాల మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

రూతు అన్నం తిని, యూనిఫారం వేసుకుని బయల్దేరింది. ఆ రోజు కారు నడుపుతున్నంతసేపూ ఆ సగం నవ్వే ఆమెకి గుర్తొచ్చింది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం ఏసుపాదం మ్యాపు మీద పెన్సిల్ ఆపి, "జ్యోతీ, నిజంగా వెళ్తే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇక్కడికే. మీ అమ్మా, నేనూ. షికాగో నుంచే ఫ్లైట్ ఉంది. నువ్వు మూడు రోజులు లూసీ ఆంటీ వాళ్ళింట్లో ఉండగలవా?"

లూసీ వాళ్ళు చర్చి స్నేహితులు, రెండు వీధుల అవతలే ఇల్లు. జ్యోతి కళ్ళు పెద్దవయ్యాయి. "ఫర్ రియల్?"

"పదేళ్ళుగా రాత్రి అంటే మీ అమ్మకి డ్యూటీయే. చీకటి పడితే యూనిఫారం వేసుకోవాలి. అందుకే ఈ ఊరిని చూడగానే..." అతను సిగ్గుపడి ఆగిపోయాడు. "రాత్రే లేని ఊళ్ళో రెండు రోజులు. అక్కడ ఏ గంటకీ లేచి వెళ్ళక్కర్లేదు మీ అమ్మ."

జ్యోతి లేచి వచ్చి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది.

లీవు సంగతి ముందే మాట్లాడి పెడితే రూతుకి సర్‌ప్రైజ్‌గా చెప్పొచ్చని అతని ఆలోచన. ఫోన్‌లో అమెరికన్ల ఇంగ్లీషు తనకి ఆలస్యంగా అర్థమవుతుందని, కూతురి చేత ఆస్పత్రికి ఫోన్ చేయించాడు. పక్కనే నిలబడ్డాడు. అవతల నర్సింగ్ సూపర్‌వైజర్ మిసెస్ బ్రాండ్ట్. ఆమె గొంతు ఎంతో ఆప్యాయంగా ఉంది.

"జూన్‌లో వీకెండా? తప్పకుండా ఇస్తానమ్మా. మీ అమ్మ అసలు లీవే అడగదు. డే షిఫ్ట్‌కి మారమని కూడా రెండుసార్లు చెప్పాను. ఒకసారి మూడేళ్ళ కిందట, ఒకసారి పోయిన క్రిస్మస్‌కి. వద్దంది. నైట్స్ అయితేనే మా ఇంటికి కుదురుతుంది అంటుంది."

జ్యోతి థాంక్యూ చెప్పి ఫోన్ పెట్టేసింది. రిసీవర్ మీద నుంచి చెయ్యి వెంటనే తీయలేదు.

"ఏమన్నారు?" అన్నాడు తండ్రి ఆత్రంగా.

"లీవ్ ఇస్తారంట."

"ఇంకేమైనా అన్నారా?"

"నో. అంతే."

ఆ రోజు నుంచి జ్యోతి మారిపోయింది. తల్లి పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పేది. సాయంత్రం చార్టు ముందు కూర్చున్నా రంగులు వేసేది కాదు. "బెర్న్ చేసి ఉండాల్సింది," అంది ఒకసారి. ఏసుపాదం కారణం తెలియక, పరీక్షల బెంగేమో అనుకున్నాడు. మిగతా పైకప్పులన్నిటికీ తనే రంగులు వేశాడు.

ఏప్రిల్ రెండో శనివారం రూతు డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి టేబుల్ కనిపించలేదు. దాని నిండా రేక్యావిక్ పరిచి ఉంది. ఎర్ర కప్పులు, నీలి కప్పులు, మధ్యలో చెరువు, చెరువులో పిసరంత బాతులు. కొండ మీద సగం కట్టిన చర్చి. ఏసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. జ్యోతి స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడింది.

"నా బ్యాగు ఎక్కడ పెట్టనండీ?" అంది రూతు.

"ఎక్కడైనా పెట్టు. ముందు ఇలా కూర్చో." అతను కుర్చీ లాగాడు. "జూన్ ఇరవై రెండు, శుక్రవారం సాయంత్రం బయల్దేరతాం. శనివారం పొద్దున్నకి ఇక్కడుంటాం." సముద్రం ఒడ్డున వేలు పెట్టాడు. "నువ్వూ, నేనూ. జ్యోతి లూసీ వాళ్ళింట్లో ఉంటుంది. రాత్రి పదకొండింటికి ఈ రోడ్డు మీద నడుస్తాం రూతూ, ఎండలో!"

రూతు ఆ మ్యాపు వంక చూసింది. ఆమె మొహంలో సంతోషం రాలేదు. భయం లాంటిది ఏదో వచ్చింది.

"మనిద్దరమే? మూడు రోజులు?"

"అవును."

"మూడు రోజులు ఏం చేస్తామండీ అక్కడ?"

"చేసేదేముంది? తిరుగుతాం, కూర్చుంటాం..."

"నాకు ఊళ్ళు వద్దండీ. నిద్ర కావాలి. రాత్రంతా నిలబడి వచ్చానని కూడా చూడకుండా ఈ బొమ్మలేంటి?" ఆమె గొంతు తనకే కొత్తగా, గట్టిగా వినిపించింది. "అయినా నాకు లీవు ఇవ్వరు. జూన్‌లో అసలు ఇవ్వరు."

"ఇస్తారు," అంది జ్యోతి, వెనక్కి తిరక్కుండానే.

"నీకేం తెలుసు?"

"ఐ కాల్డ్. మిసెస్ బ్రాండ్ట్ ఇస్తానంది." జ్యోతి ఇప్పుడు ఇటు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "డే షిఫ్ట్ కూడా ఇస్తుందంట! టూ టైమ్స్ ఇస్తానందంట. నువ్వే వద్దన్నావు మమ్మీ. హాస్పిటల్ వాళ్ళు ఇవ్వట్లేదని మాకు చెప్పావు. యూ లైడ్."

రూతు బ్యాగు ఒడిలోకి లాక్కుంది.

ఏసుపాదం భార్య వైపు చూశాడు. "నిజమేనా?"

రూతు తల దించుకుంది.

అతను కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది. చార్టు ఒక అంచు పట్టుకుని మెల్లగా చుట్టాడు, రబ్బరు బ్యాండు వేసి గోడకి ఆనించాడు. కొక్కేనికున్న కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కారు తీసిన చప్పుడు కాలేదు. నడిచే వెళ్ళాడు.

తల్లీ కూతుళ్ళిద్దరే మిగిలారు. రూతు పక్క కుర్చీ లాగి, "రా, కూర్చో," అంది.

"ఐ డోంట్ వాంట్ టు."

"కూర్చోవద్దులే. నిలబడే విను. నువ్వూ నాన్నా వచ్చిన కొత్తల్లో నాకు డే షిఫ్టే. నాలుగింటికి ఇంటికి వచ్చేసేదాన్ని. నాన్నకి పది నెలలు ఉద్యోగం లేదు. స్కూళ్ళన్నీ తిరిగాడు. ఒక స్కూల్లో, పాఠం చెప్పే పని లేదు గానీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే పని ఉందన్నారు. తరవాత ఈ వేర్‌హౌస్ దొరికింది." ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. "సాయంత్రం ఇద్దరం ఈ టేబుల్ దగ్గరే కూర్చునేవాళ్ళం. ఇవాళ ఏం జరిగిందండీ అని అడిగేదాన్ని. ఏముంది అనేవాడు. అంతే, ఇంక మాట ఉండేది కాదు. రోజూ అంతే. రెండేళ్ళు. ఆయన అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే, నేనేదో తప్పు చేసి ఆయన్ని ఇక్కడికి లాక్కొచ్చినట్టు ఉండేది. నాకు సంపాదన ఉంది, ఆయన చదువు పోయింది. ఆ మొహం చూడలేకపోయేదాన్ని జ్యోతీ. అందుకే నైట్స్ అడిగి తీసుకున్నాను. అక్కడ జబ్బుమనుషులు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, రాత్రంతా నాతో మాట్లాడతారు."

జ్యోతి వింటూ నిలబడింది. కోపం తగ్గింది గానీ, దాని కింద ఉన్నది బయటికొచ్చింది.

"మరి నేను?"

"ఏంటమ్మా?"

"ఇంట్లో నేను కూడా ఉన్నాను కదా, మమ్మీ. ఐ వాజ్ సిక్స్. నాకు జడ వేసుకోవడం లూసీ ఆంటీ నేర్పించింది. స్కూల్‌లో నేను పియానో వాయించిన రోజు నువ్వు నిద్రపోతున్నావు. నేను డోర్ దగ్గర కూర్చునేదాన్ని, నువ్వు లేస్తావేమో అని."

రూతు కూతురి వంక చూసింది. పదేళ్ళుగా భర్త మౌనం నుంచి తప్పుకుంటున్నానని అనుకుంది గానీ, మూసిన తలుపుకి ఇవతల ఇంకొక ప్రాణి కూర్చుని ఉందని ఆమెకి తోచనే లేదు. కుర్చీలోంచి లేచి వెళ్ళి, తనంత పొడుగైన పిల్లని రెండు చేతులా పట్టుకుంది.

"తప్పయిపోయింది తల్లీ. నన్ను క్షమించు."

జ్యోతి మొదట బిగుసుకుపోయి నిలబడింది. తరవాత తల్లి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి యూనిఫారంలోంచి ఆస్పత్రి మందుల వాసన వస్తోంది. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అమ్మ వాసన అంటే అదే.

ఏసుపాదం పది దాటాక వచ్చాడు. ఊళ్ళోని నది ఒడ్డునే నడిచినట్టున్నాడు, బూట్లు తడిసి ముద్దయి ఉన్నాయి. జ్యోతి ఇద్దరినీ చూసి, మెట్లెక్కి తన గదిలోకి వెళ్ళిపోయింది. రూతు తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతను పుచ్చుకున్నాడు గానీ కాళ్ళు తుడుచుకోలేదు.

"నేను నీకు అంత బరువయ్యానా రూతూ?"

"మీరు కాదండీ. మీరు మాట్లాడకపోవడం."

"ఏం మాట్లాడను?"

"అడిగితే ఏముంది అనేవారు. పన్నెండేళ్ళుగా మీరు పనిచేసే చోటు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీ పక్కన ఎవరు నిలబడతారో, మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటారో తెలియదు. 'రూతు నన్ను అమెరికా తెచ్చి పడేసింది' అని మీరు మనసులో తిట్టుకుంటున్నారనుకునేదాన్ని. మూడు రోజులు అక్కడికెళ్ళి, ఆ మౌనాన్ని ఇంకో ఊళ్ళో పెట్టుకుని కూర్చోవాలా అని భయమేసింది. అందుకే అలా అరిచాను."

ఏసుపాదం తడి బూట్ల వంక చూసుకున్నాడు.

"తిట్టుకోలేదు. ఒక్కరోజు కూడా తిట్టుకోలేదు. సిగ్గుపడ్డాను. నువ్వు పొద్దున్నే ఎవరి ప్రాణం నిలబెట్టి వచ్చావో చెప్పేదానివి. దానికి బదులుగా ఇవాళ ఎన్ని అట్టపెట్టెలు మోశానో చెప్పమంటావా?"

"అదే చెప్పండి."

"ఏంటి?"

"ఎన్ని మోశారో అదే చెప్పండి. నాకు కావాలి."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. రూతు తొందరపెట్టలేదు. ఫ్రిజ్ మోటారు చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

"నిన్న నూట నలభై," అన్నాడు మెల్లగా. "ఎక్కువ ఎల్బోలు. పైపు వంపు తిరిగే చోట పెడతారు చూడు, ఆ ముక్కలు. నా పక్కన వాల్టర్ అని ఒక ముసలాయన ఉంటాడు, పోలండ్ మనిషి. ఆయనకీ ఇంగ్లీషు అంతంతే. ఇద్దరం మధ్యాహ్నం లోడింగ్ డాక్ మీద, అదే, లారీలకి సరుకు ఎక్కించే అరుగు మీద కూర్చుని తింటాం. నీ వంకాయ కూర ఆయనకి ఇష్టం."

"నా వంకాయ కూరా?"

"వారానికోసారి సగం ఆయనే తినేస్తాడు." అతను కాస్త ఆగాడు. "ఆరేళ్ళ కిందట ఒక సంగతి జరిగింది. రెండంగుళాల ఎల్బోలు పోసి ఉంచే పెద్ద డబ్బా, బిన్ను అంటాం, పై వరసలో ఉంది. అందులో పిచ్చుక గూడు పెట్టింది. మా ఫోర్‌మన్ చూస్తే తీసి పారేస్తాడు. అందుకని నేను ఆ బిన్ను లేబుల్ మార్చేశాను. 'డ్యామేజ్డ్, ముట్టుకోవద్దు' అని రాసి అంటించాను. ఎల్బోలకి ఆర్డరు వచ్చినప్పుడల్లా వాల్టరూ నేనూ అవతలి గోడౌన్‌కి పరిగెత్తి తెచ్చేవాళ్ళం. ఇరవై రోజులు. నాలుగు పిల్లలు ఎగిరిపోయాయి రూతూ. ఎగిరిన రోజు ఇద్దరం టోపీలు తీసి నిలబడ్డాం."

రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"ఆరేళ్ళు... ఇది నాకు చెప్పలేదేంటండీ?"

"చెప్దామనే ఆ రోజు గబగబా వచ్చాను. నువ్వు పడుకుని ఉన్నావు."

ఆ మాట అతను నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. రూతు కిందికి వంగి అతని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. "నువ్వెందుకు, లే," అంటూ అతను ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఇద్దరి కళ్ళలోంచీ నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు రూతు రెండింటికి పడుకోలేదు. సాయంత్రం దాకా ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. చార్టు మళ్ళీ పరిచారు. రేక్యావిక్‌లో గడపబోయే ఆదివారం పొద్దున్న కోసం ఏసుపాదం రాసిన ఏడు పనుల్లో ఐదు కొట్టేయించింది రూతు. "కూర్చోవడానికి కూడా టైము రాయండి," అంది.

మిసెస్ డోలన్ జ్యోతి ప్రాజెక్టుకి బి ప్లస్ ఇచ్చింది. ప్లాన్‌లో ఆదివారం మరీ ఖాళీగా ఉందని కింద ఒక మాట రాసింది. జ్యోతి దానికి వాదించలేదు. మే నెల మొదటి సోమవారం నుంచి రూతుకి డే షిఫ్ట్ అయింది. మొదటి వారం సాయంత్రాలు అందరికీ వింతగానే ఉన్నాయి. తల్లి ఇంట్లో ఉంటే టీవీ ఎంత గట్టిగా పెట్టుకోవచ్చో కూడా జ్యోతికి తెలియలేదు. మాటల మధ్య ఖాళీలు వచ్చేవి. రూతు వాటికి భయపడకుండా కూర్చోవడం నేర్చుకుంటోంది. ఏసుపాదం కొన్ని రోజులు బాగా మాట్లాడేవాడు, కొన్ని రోజులు మళ్ళీ ఏముంది అనేవాడు. అలా అన్నప్పుడు జ్యోతి, "హౌ మెనీ బాక్సెస్, డాడీ?" అని అడిగేది.

వాళ్ళు సిటిజన్లయి ఏడాది అయింది గానీ పాస్‌పోర్టులు తీసుకోలేదు. మే రెండో శనివారం పొద్దున్న భార్యాభర్తలిద్దరూ ఫొటోలు పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళారు. వాళ్ళ వెనక అయిదారుగురు లైన్లో ఉన్నారు. కౌంటర్లో ఉన్న నడివయసు మనిషి ఏసుపాదం కాగితం మీద కలం పెట్టి చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగాడు.

"ఇక్కడ రాయలేదు సార్. మీరేం పని చేస్తారు?"

తనే చెప్పేద్దామా అని రూతుకి అనిపించింది. ఊరుకుంది.

"వేర్‌హౌస్," అన్నాడు ఏసుపాదం. "పైపు ఫిట్టింగులు."

ఆ మనిషి రాసుకున్నాడు. "ఎక్కడికి ప్రయాణం?"

"రేక్‌జావిక్." వెంటనే సర్దుకున్నాడు. "రేక్యావిక్. మా అమ్మాయి అలా అనాలంటుంది."

"ఎక్కడుంది అది? ఎప్పుడూ వినలేదే."

ఏసుపాదం అతని వంక చూశాడు. ఒక్క క్షణం ఆలోచించి, కౌంటరు మీదున్న స్టాంపు ప్యాడుని తన ముందుకు జరుపుకున్నాడు.

"ఇది గ్రీన్‌లాండు అనుకోండి. పేరుకే పచ్చ, అంతా మంచు." జిగురు సీసా తీసి దానికి కుడి పక్కన పెట్టాడు. "ఇది ఐస్‌లాండు. పేరుకే మంచు, కింద అంతా నిప్పు. మీ ఇంట్లో నీళ్ళు ఎలా కాచుకుంటారు? గ్యాస్‌తో. వీళ్ళకి భూమే కాచి ఇస్తుంది." టేపు చుట్ట ఒకటి దూరంగా పెట్టాడు. "ఇది నార్వే. వెయ్యేళ్ళ కిందట ఇక్కడి నుంచి ఒకాయన పడవలో వచ్చాడు. వచ్చి చూస్తే ఈ ఒడ్డున పొగలు లేస్తున్నాయి..."

అతని ఇంగ్లీషు ఎప్పటిలాగే ఉంది, నరసాపురం ఇంగ్లీషు. కానీ గొంతు ఎప్పటిలా లేదు. ఎత్తుగా, నిదానంగా, చివరి బెంచీ దాకా వినపడేలా ఉంది. చెయ్యి సముద్రం మీదుగా అలా సాగి, ఒడ్డుకి వచ్చి ఆగింది. లైన్లో వెనకున్న ఒక కుర్రవాడు మెడ చాపి చూస్తున్నాడు. చేతిలో పార్సిలు ఉన్న ఒకాయన, "అది పొగా, ఆవిరా?" అని అడిగాడు.

"మంచి ప్రశ్న," అన్నాడు ఏసుపాదం, మొహం వెలిగిపోతూ అతని వైపు తిరిగి. "ఆవిరి. కానీ వచ్చినవాళ్ళు పొగ అనుకున్నారు, ఆ పేరే ఊరికి పెట్టేశారు."

రూతు అతని పక్కనే నిలబడి చూస్తోంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. అతను బడికి వెళ్ళేవేళకి ఆమె ఆస్పత్రికి వెళ్ళేది. ఆయన పాఠం చెప్తుండగా ఆమె ఒక్కసారీ చూడలేదు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరు మౌనంగా కూర్చున్నారో ఇప్పుడు తెలిసింది. కళ్ళు మసకబారాయి. ఇంకో రోజైతే, "తొందరగా కానిద్దామండీ, వెనక జనం ఉన్నారు," అని చొక్కా పట్టుకుని లాగేది.

లైను చివర చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ ఏమిటా అని అటూ ఇటూ తల తిప్పుతోంది. కౌంటరు ఆమెకి కనిపించడం లేదు. రూతు కళ్ళు తుడుచుకుని, ఆమెకి కనిపించేలా కాస్త పక్కకి జరిగి నిలబడింది.